ముందోలు బిగువు: యువకులకు, వారి పెద్దలకు

నేటి ప్రసంగ విషయము కుటుంబమంతయు రేడియో చుట్టు కూర్చుండి వినుటకు కొంత ఇబ్బంది కలిగించునదే. అయినను దీనిని ప్రక్కకు నెట్టినకొలది బాధపడువారు యువకులు. వారిలో పెక్కుమంది తండ్రితో చెప్పుకొనలేరు, అన్నతో చెప్పుకొనలేరు; వైద్యుని ఎదుట కూర్చుండియు దగ్గనియో, నడుము నొప్పియనియో చెప్పి లేచిపోవుదురు. పురుషాంగపు కొనను కప్పియుండు చర్మమును ముందోలు అందురు. అది బిగిసియుండి వెనుకకు జరుగకపోవుటయే నేను చెప్పబోవు బాధ. వైద్యులు దీనికి ఫైమోసిస్ అని పేరు పెట్టిరి.

జహీరాబాదు ప్రాంతపు యువకుని సంగతి ఒకటి చెప్పెదను. చెరకు నరకుట ముగిసిన దినములు. వానికి ఇరువది నాలుగేండ్లు. పెండ్లి రెండు నెలలలో ఉన్నది. జ్వరమని వచ్చెను. చూడగా జ్వరము లేదు. గదిలోని సహాయకుడు బయటకు పోవువరకు నోరు విప్పలేదు. పిమ్మట తల వంచుకొని, "సార్, తోలు ఎన్కకు పోతలేదు. పెండ్లి వద్దని చెప్దామనుకుంటున్న" అనెను. పరీక్షించుచుండగా రెండవ ప్రశ్న వచ్చినది: "సున్తీ చేస్తరా సార్? ఊర్ల తెలిస్తే ఏమంటరు?"

ఆ కుర్రవానిని నెలలకొలది నిద్ర లేకుండ చేసినది చర్మపు బిగువు కాదు, ఈ రెండు భయములే.

మొదట, ఇది పుట్టుకతో వచ్చిన లోపము కాదని తెలిసికొనవలెను. మగ శిశువు జన్మించునప్పుడు ముందోలు లోపలి భాగము క్రింది మణికి అంటుకొనియే యుండును. అది ప్రకృతి ఏర్పాటు. ఇంగ్లండులో డగ్లస్ గైర్డ్నర్ అను శిశువైద్యుడు 1949లో ప్రకటించిన పరిశీలనలో, అప్పుడే పుట్టిన శిశువులలో నూటికి నలుగురికి మాత్రమే ఈ చర్మము పూర్తిగా వెనుకకు జరిగినది. డెన్మార్కులో యాకబ్ ఓస్టర్ అను వైద్యుడు బడి పిల్లలను ఏండ్ల తరబడి పరీక్షించి 1968లో ఫలితములు ప్రకటించెను: ఆరేడేండ్ల పిల్లలలో నూటికి ఎనిమిది మందికి బిగువుండగా, పదునారు, పదునేడేండ్ల వయస్సు వచ్చుసరికి అది నూటికి ఒక్కరికి తగ్గినది. కాలమే ఇచ్చట పెద్ద వైద్యుడు. వయస్సుతో చర్మము తనంతట విడివడి, సాగి, వదులగును.

ఇచ్చట తల్లులకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మనవి. కొన్ని ఇండ్లలో బిడ్డకు నూనె రాచి నీళ్లు పోయునప్పుడు ముందోలును బలవంతముగా వెనుకకు లాగు వాడుక కలదు. శుభ్రత కొరకే చేయుదురు, దురుద్దేశము లేదు. కాని అంటుకొనియున్న చర్మమును లాగినచో సన్నగా చీరుకొనును. చీరిన చోట మచ్చ కట్టును. మచ్చ కట్టిన చర్మము సాగదు. తనంతట వదులు కావలసినదానిని మన చేతులతో బిగించినట్లగును. పసిబిడ్డకు పైపైన నీటితో కడిగిన చాలును. మూత్రము పోయునప్పుడు చర్మము బుడగవలె ఉబ్బినను, నొప్పి, జ్వరము, చీము లేకున్నచో కంగారు పడనక్కరలేదు. ఒకసారి వైద్యునకు చూపి ఊరకుండవచ్చును.

యౌవనము వచ్చిన తరువాత మాట వేరు. కొందరికి మామూలు స్థితిలో చర్మము జరుగును గాని అంగము స్తంభించినప్పుడు బిగిసి నొప్పి పుట్టును. కొందరికి కొన వద్ద ఉంగరమువలె బిగువు ఏర్పడి సన్నని పగుళ్లు పడును; అవి మానుచు, మరల పగులుచు నుండును. లోపల తెల్లని మడ్డి చేరి దురద, వాపు, దుర్గంధము కలుగును. ఏ బాధయు లేక, మూత్రధార సరిగా వచ్చుచు, శుభ్రముగా కడుగుకొనగలిగినవానికి చికిత్సయే అవసరము లేకపోవచ్చును. ఈ బిగువు నపుంసకత్వము కాదు, సంతానహీనతకు చిహ్నమును కాదు. పెండ్లి మానుకొనుటకు ఇది కారణము కానే కాదని ఆ యువకునకు నేను మొట్టమొదట చెప్పిన మాట.

రెండవ భయము కత్తి భయము. మన దేశపు ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు ఈ రోగమును ఎరుగును. నిరుద్ధప్రకశమని పేరిడి వర్ణించెను. ఆయన చెప్పిన చికిత్స ఆలోచింపదగినది. ఇనుముతోనో కొయ్యతోనో చేసిన సన్నని గొట్టమునకు నేయి పూసి ద్వారమున ప్రవేశపెట్టి, మూడేసి దినముల కొకసారి మరికొంత లావైనదానిని మార్చుచు, క్రమముగా సాగదీయుమనెను. కోత కూడ ఆయన చెప్పినదే. నేడు గొట్టములు ఎవ్వరును పెట్టుకొనరాదు. కాని మెత్తబరచి మెల్లమెల్లగా సాగదీయుట యను సూత్రమును నేటి వైద్యము విడిచిపెట్టలేదు. నేతికి బదులు స్టెరాయిడ్ లేపనము వచ్చినది, అంతియే భేదము.

ఎక్కువగా వాడునది బీటామెథసోన్, 0.05 శాతపు లేపనము. గోరువెచ్చని నీటితో స్నానము చేసిన పిమ్మట, చర్మమును నొప్పి కలుగనంతవరకే వెనుకకు జరిపి, బిగిసియున్న ఉంగరముపై పలుచగా రాయవలెను. కొన్ని నిమిషములు మృదువుగా సాగదీయవలెను. నొప్పి వచ్చినచో అచ్చటనే ఆగవలెను. పని ముగియగానే చర్మమును తప్పక ముందునకు తెచ్చి కొనను కప్పవలెను. దీనిని మరచుట ప్రమాదము, ఆ సంగతి తరువాత చెప్పెదను. దినమునకు రెండు పర్యాయములు, నాలుగు మొదలు ఎనిమిది వారముల వరకు ఇట్లు చేయవలెను. లేపనము చర్మమును మెత్తబరచి సాగు గుణము నిచ్చును. పిల్లలలో అత్యధికులకు ఇంతటితోనే నయమగును. యువకులలోను చాలమందికి గుణమిచ్చును. నయమైన తరువాతను స్నాన సమయమున చర్మమును జరిపి కడుగుకొను అలవాటు మానరాదు. కానిచో మరల బిగియవచ్చును. కడుగుటకు నీరు చాలును. ఘాటైన సబ్బులు, పుండ్లు కడుగు మందులు చర్మమును మండించి పగుల్చును.

ఇచ్చట నాకు కొంత కోపము వచ్చు విషయ మున్నది. మందుల దుకాణములలో స్టెరాయిడు, శిలీంధ్రపు మందు, క్రిమిసంహారి మూడును కలిపిన గొట్టములు అడిగినవారికెల్ల అమ్ముచున్నారు. తామరకును అదే, గజ్జికిని అదే. మన యువకుడు కూడ నెల దినములు అట్టిదొకటి రాసికొనియే వచ్చెను. ఏ బలముగల మందు, ఎన్ని దినములు అన్నది వైద్యుడు చూచి నిర్ణయింపవలెను. లోపల వాపు, శిలీంధ్రము ఉన్నచో ముందు దానిని మాన్పవలెను. ఇక గుప్తరోగ నిపుణులమని గోడలపై వ్రాయించుకొనువారి కడకు పోవుట రోగమునకు తోడు అప్పును తెచ్చుకొనుట.

లేపనము పనిచేయని సందర్భములును కలవు. కొన వద్ద చర్మము తెల్లబారి, మచ్చలు కట్టి, కాగితమువలె బిరుసెక్కినచో అది లైకెన్ స్క్లిరోసిస్ అను వ్యాధి కావచ్చును. దానికి సాధారణముగా ముందోలును తొలగించుటయే మార్గము. మచ్చ లేని బిగువునకు, చర్మమును తొలగింపక బిగిసిన చోట మాత్రము కోసి వెడల్పు చేయు పద్ధతియు కలదు. క్రింది కండె పొట్టిగానుండి లాగుచున్నచో దానిని మాత్రము విడదీసిన సరిపోవచ్చును. ఏదైనను చిన్న శస్త్రచికిత్సయే. ఆ భాగమునకు మాత్రము మత్తిచ్చి చేయవచ్చును. ఆనాడే ఇంటికి పోవచ్చును. రెండు మూడు వారములలో గాయము మానును. దాంపత్యమునకు నాలుగు మొదలు ఆరు వారములు ఆగవలెను.

ఇక ఊరివారు ఏమందురను ప్రశ్న. జహీరాబాదులో హిందువులు, ముస్లిములు ఒకే వీథిలో ఇండ్లు కట్టుకొని యుందురు. ముస్లిముల ఇండ్లలో బాలునకు సున్తీ వేడుక. ఆ పిల్లలు పెరిగి పెద్దవారైన తరువాత ఈ బాధనే ఎరుగరు. హిందూ యువకునకు వైద్యుడు చేయునది వైద్యము. కంటి పొరను తీసినందువలన ఎవని మతమును మారలేదు, ఇచ్చటను అంతియే. ఈ సంగతి వైద్యునకు, రోగికి మధ్య నుండునదే గాని ఊరికి చాటవలసినది కాదు. ఈ భయముతో పదేండ్లు దాచుకొని, మచ్చ ముదిరిన తరువాత వచ్చువారిని చూచుట నాకు కష్టము. ఏండ్ల తరబడి శుభ్రత లేక బిగిసియున్న ముందోలు గలవారికి ముదిమిలో పురుషాంగపు పుండు, అనగా కాన్సరు, వచ్చు అవకాశము హెచ్చని కూడ తెలిసియున్నది. అది అరుదే, అయినను దాచుకొనుట వలన లాభ మేమియు లేదు.

వెనుకటి వరకు బాగుగానుండి ముప్పది, నలుబది ఏండ్ల వయస్సున క్రొత్తగా చర్మము బిగియుట, మాటిమాటికి పగులుట జరిగినచో మూత్రమును, రక్తమును చక్కెర కొరకు పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహము కొందరిలో మొదట ఇచ్చటనే బయటపడును.

ముందు దాటవేసిన ప్రమాదము ఇది. వెనుకకు జరిపిన బిగువు చర్మము తిరిగి ముందునకు రాకపోయినచో, అది ఉరివలె బిగిసి కొన ఉబ్బును. సుశ్రుతుడు పరివర్తిక యన్నది ఇట్టిదే. నేయి పూసి మెల్లగా చర్మమును ముందునకు తెమ్మనెను. చల్లని తడిగుడ్డ చుట్టి, ఉబ్బిన కొనను అరచేత పట్టి కొన్ని నిమిషములు మెల్లగా అదిమి వాపు తగ్గించి, చర్మమును ముందునకు త్రోసి చూడవచ్చును. రానిచో తెల్లవారువరకు వేచియుండరాదు. ఏ వేళయైనను జహీరాబాదు ఏరియా ఆసుపత్రికి పోవలెను. గంటలు గడచినకొలది రక్తప్రసారము ఆగి కొన చెడును.

మన యువకునకు లేపనమిచ్చి ఆరు వారముల తరువాత రమ్మంటిని. ఏడవ వారమున వచ్చెను. చర్మము నొప్పి లేక జరుగుచున్నది; పెండ్లి పత్రిక చేతనుండెను. బయట మరియొక కుర్రవాడు గోడ వైపు తిరిగి నిలుచుండెను. "మా చిన్నాయన కొడుకు సార్. చెప్పనీకి సిగ్గుపడుతుండు" అనెను. వానికి చర్మము తెల్లబడి బిరుసెక్కినది. లేపనము సరిపోలేదు, శస్త్రచికిత్స జరిగినది. నాలుగవ వారమున ట్రాక్టర్ల కర్మాగారమున పనికి పోవుచుండెను.