చిన్నోన్ని ఎవరు చూస్తరు?

ఉర్దూ పంతులును, తెలుగులో తప్పులుంటే మన్నించండి.

నా ఐదవ తరగతిలో ఒక పిల్ల వారానికి మూడు దినాలు రాదు. లెక్కల్లో అందరికంటె ముందుండే పిల్ల. ఇంటికి పోతే, ఏడాదిన్నర తమ్ముణ్ణి చంకనెత్తుకొని తానే తలుపు తీసింది. సాయంత్రం తల్లిని అడిగితిని. "కూలికి పోకుంటే పొయ్యి వెలగదు సార్. చిన్నోన్ని ఎవరు చూస్తరు?" అన్నది. నాకు జవాబు దొరకలేదు.

1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. కింద అంగన్‌వాడీ ఉన్నది. అక్కడ ఆటపాటల చదువు మూడేండ్లు నిండినవారికే. అంతకంటె చిన్నవారికి బాలామృతం పొట్లం ఇంటికి ఇస్తరు. పొట్లం బిడ్డను చూసుకోదు గదా!

ఈ తల్లికి పనికివచ్చేది 2022లో మిషన్ శక్తి కింద వచ్చిన ‘పాల్నా’. పాల్నా అంటే ఊయల అని మన ఇండ్లల్లో చెప్పనక్కరలేదు. ఆరు నెలల నుండి ఆరేండ్ల దాకా పిల్లలను, అంగన్‌వాడీకి జతగా, పగటిపూట చూసుకునే ఏర్పాటు. ఖర్చులో నూటికి 60 కేంద్రానిది, 40 రాష్ట్రానిది.

సొసైటీవారికి నా అర్జీ ఒక్కటే. మన మహల్లాలలో చిన్నపిల్లలుండి పనికి పోయే తల్లుల పేర్లు రాసి, మహిళా శిశు సంక్షేమ శాఖ కచ్చేరిలో ఇద్దాం. రాసే పని నాది. జుమా నమాజు తరువాత బడి వరండాలో కూర్చుంటాను, పేర్లు చెప్పండి.