పాత పికప్‌కు బుష్‌లు మారుస్తున్నారా?

మేం నలుగురం కలిసి కొన్న పాత పికప్‌లోనే మా టమాటా మదనపల్లె మార్కెట్టుకు పోతుంది. కొన్ని నెలలుగా గతుకుల్లో ముందువైపు టకటకమనేది. పాత బండి కదా, అంతేలే అనుకున్నాం. లోడుతో బ్రేకు వేస్తే ఎడమకు లాగేది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నడిపాం. టైరు ఒక పక్కే అరిగాక గానీ మెకానిక్ గుర్తుకు రాలేదు. ఒక్క టైరు ధరతో ఎన్ని బుష్‌లు వస్తాయో మీకూ తెలుసు!

ముందు కమాను కట్టల చివర్లలో ఉండే రబ్బరు బుష్‌లు చిరిగిపోయాయి. అవి పోతే ఇరుసు తన చోట నిలవదు. కొత్తవి వేయించాం. నెల తిరక్కుండానే మళ్లీ అదే చప్పుడు. సరుకు నాసిదని షాపువాణ్ణి తిట్టుకున్నాం. తప్పు అతనిది కాదు, బిగింపుది.

బండి జాకీల మీద ఉండి చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశారు. బండి కిందికి దిగగానే బరువుకు కమాను సాగుతుంది, దాంతో లోపలి రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. ఆపైన ప్రతి గతుకూ దాన్ని చింపేదే. అందుకని బోల్టులు వదులుగా ఉంచి, బండి దించి, కాస్త ముందుకూ వెనక్కూ కదిపి, అప్పుడే పూర్తిగా బిగించాలి. మెకానిక్ ఎంత తొందరపెట్టినా పక్కన నిలబడి ఇది చూసుకోండి. రబ్బరుకు గ్రీజు పూయనివ్వకండి, ఉబ్బి పాడవుతుంది. రెండు వైపులా ఒకేసారి మార్పించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఈ ఆదివారం పొద్దున సంఘం ఆఫీసు ముందే మా బండికి మళ్లీ మారుస్తున్నాం. చూడాలనుకున్నవాళ్లు రండి, స్టాండ్లు ఉంటే పట్టుకురండి.