తగువు తీరాక అర్జీ రాద్దాం

(అరకులోయలో జరిగిన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాఫీ పళ్లు కోతకొచ్చిన రోజులివి. ఒక పూట కూలి పోగొట్టుకుని, కొండలు దిగి ఇంతమంది వచ్చారు. అందుకని తిప్పి తిప్పి చెప్పకుండా నేరుగా విషయానికి వస్తాం. ఈ మధ్య సంఘం దగ్గరకు వస్తున్న అర్జీల్లో భూమి అర్జీల తర్వాత ఎక్కువగా కనిపిస్తున్నవి జరిమానా అర్జీలు. "గొడవైంది, జరిమానా వేశారు, కట్టలేం, తీసేయమని రాసి పెట్టండి" అని వస్తున్నారు. మేమూ రాసి పెడుతూ వచ్చాం. అలా రాయడంలో మేం చేసిన తప్పు ఒకటుంది. ముందు అది మీ ముందు ఒప్పుకుని, తర్వాత మిగతా మాటలు చెబుతాం.

ఒక ఊరి సంగతి చెబుతాం. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు. ఆ రెండు కుటుంబాలూ ఇప్పుడు కలిసే ఉన్నాయి, ఇద్దరూ మన సంఘంలోనే ఉన్నారు. వరి కోసేశాక పశువులను విడిచిపెట్టడం మన దగ్గర పాత అలవాటు. ఆ ఏడాది ఒకాయన రాజ్మా ఆలస్యంగా వేశాడు. చుట్టూ వెదురు తడక కట్టాడు. అయినా పక్కింటి ఎడ్లు తడక తోసుకుని లోపల పడ్డాయి. మాటా మాటా పెరిగి కర్ర లేచింది. ఒకరికి తల పగిలింది. తల పగిలినవాళ్లు పోలీస్ స్టేషన్‌కి పోయారు. రెండోవాళ్లు ఊరుకుంటారా? "ఆ తడక వెదురు రిజర్వు అడవిలోది" అని ఫారెస్టువాళ్ల చెవిన వేశారు. ఇక ఊరి పెద్దలకు కోపం వచ్చింది. మాకు చెప్పకుండా స్టేషన్ గడప ఎక్కుతారా అని పోలీసులకు చెప్పినవాళ్ల మీద తప్పు వేశారు.

చూడండి, ఒక్క జత ఎడ్లు ఒక్క మడిలో పడితే మూడు చోట్ల మూడు జరిమానాలు. ఊరి తప్పు ఒకటి. ఫారెస్టు సొమ్ము ఒకటి. పోలీసు కేసులో కోర్టు వేసేది ఒకటి. పోయిన రాజ్మా పంట విలువ చూస్తే ఇందులో ఏ ఒక్కదానికీ సరిపోదు. ఆ ఎడ్లే అమ్మి కట్టాలనుకున్నారు. ఎడ్లు అమ్మితే మరుసటి ఏడు దుక్కి ఎవరు దున్నుతారు?

అప్పుడు తడక కట్టినాయన మా దగ్గరకు వచ్చాడు. మేము పెద్ద అర్జీ రాసి ఇచ్చాం. మూడు పేజీలు. ఎడ్లు ఎలా వచ్చాయి, ఎవరు ముందు తిట్టారు, ఎవరు కర్ర ఎత్తారు, అవతలి కుటుంబం ఎలాంటిది, వాళ్ల తాతల కాలం నుంచి ఎలాంటివాళ్లు, అంతా రాశాం. ఆఖర్న "జరిమానా మాఫీ చేయగలరు" అని ఒక్క వాక్యం. ఆ కాగితం తీసుకెళ్తే ఆఫీసులో చదివిన ఆయన ఏమన్నాడు? "ఇది మీ ఊరి గొడవ, మాకేం సంబంధం? స్టేషన్‌కి పొండి." ఆయన తప్పేం లేదు. మేము రాసింది గొడవ గురించే. ఆయన చేతిలో ఉన్నది జరిమానా. దాని గురించి మేము ఒక్క ముక్కా రాయలేదు. పైగా ఆ అర్జీ సంగతి తెలిసి అవతలివాళ్లు మరింత మండిపడ్డారు. సంఘం ఒక పక్షం చేరిందన్నారు. నిజమే, చేరాం. అదే మా తప్పు.

ఇక్కడ నేర్చుకున్న మొదటి పాఠం ఇది. గొడవ వేరు, జరిమానా వేరు. గొడవను ఊళ్లో తీర్చుకోవాలి. జరిమానా ఎవరు వేశారో, ఏ అధికారంతో వేశారో, ఎంత వేశారో దాని మీద మాత్రమే అర్జీ రాయాలి.

మన కొండల్లో ఈ విషయం కొత్తది కాదు. 1839లో 24వ చట్టం తెచ్చి తెల్లదొరలు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి విడదీశారు. కలెక్టర్‌నే ఏజెంట్ అన్నారు, వసూలు చేసేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. 'ఏజెన్సీ' అన్న మాట మనకు అలా వచ్చిందే. గోదావరి వైపు రంప కొండల్లో 1879లో ఫితూరీ లేచింది. మన్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను దానికి ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది, అది మనం గుర్తుపెట్టుకోవాలి. పల్లం నుంచి వచ్చిన షావుకార్లు కొండవాళ్ల మీద కోర్టుల్లో దావాలు వేసేవారు. కొండవాడు అంత దూరం దిగి వెళ్లలేడు. అతను లేకుండానే డిక్రీ అయిపోయేది. చిన్న బాకీకి పశువులూ సామానూ అన్నీ తోలుకుపోయేవారు. కాగితం వచ్చినప్పుడు పలకకపోతే ఏమవుతుందో మన ముందువాళ్లు అలా అనుభవించారు.

1922లో అల్లూరి సీతారామరాజు గూడెం కొండల్లో స్టేషన్ల మీద పడ్డాడన్నది అందరికీ తెలుసు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అంతకు ముందు ఆయన ఊరూరా తిరిగి చెప్పిన మాట మాత్రం తక్కువమందికి గుర్తుంది. సారా మానండి, మీ తగువులు కోర్టులకు ఎక్కించకండి, పంచాయితీ పెట్టుకుని మీరే తీర్చుకోండి అన్నాడు. మన తగువు మన చేతిలో ఉంటే మనల్ని పీడించే చేతికి పని తగ్గుతుందని ఆయనకు తెలుసు. అలాగని ఆయన సర్కారు అన్యాయాన్ని ఊళ్లోనే తీర్చుకోమనలేదు. దాన్ని సర్కారుతోనే తేల్చుకున్నాడు. ఆయనతో నడిచిన గాం మల్లుదొర జైలు నుంచి బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. జైలు చూసినవాడు చట్టం చేసే చోటికి వెళ్లాడు. చట్టం మనకు పరాయిది కాదని చెప్పడానికే ఈ మాట.

ఇప్పుడు ఆ మూడు జరిమానాల సంగతి ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, ఊరి తప్పు. మన తగువు తీర్చే పద్ధతిని 1996 పెసా చట్టం గుర్తించింది. ఆచారం ప్రకారం తగువులు తీర్చుకునే పద్ధతిని కాపాడే అధికారం గ్రామసభకు ఉందని అందులోనే రాసి ఉంది. గ్రామసభ అంటే నలుగురు పెద్దలు మాత్రమే కాదు. ఆడవాళ్లతో సహా ఊళ్లో ఓటున్న అందరూ. తప్పు ఎక్కువ వేశారనిపిస్తే అర్జీ పాడేరు పట్టుకెళ్లనక్కర్లేదు. ఊళ్లోకే పెట్టండి. ఆ ఊళ్లో అదే జరిగింది. అందరూ కూర్చున్నారు. ముందు ఒక ముసలమ్మ లేచి, "మేక కోసి, సారా తాగితే రాజ్మా తిరిగి మొలుస్తాదా?" అంది. ఎడ్లవాళ్లు విత్తనం ఇవ్వాలి, తడక తిరిగి కట్టడానికి రెండు రోజులు పని చేయాలి, అవతలివాళ్లు స్టేషన్‌లో రాజీ చేసుకోవాలి అని తీర్మానమైంది. డబ్బు తప్పు రద్దయింది. పెద్దల మాట పోలేదు, ఎవరి ఎద్దూ అమ్ముడుపోలేదు.

రెండోది, పోలీసు కేసు. ఇందులో రెండు రకాలున్నాయి, మనవాళ్లు రెంటినీ కలిపేస్తున్నారు. గొడవ మళ్లీ కాకుండా ఇరుపక్షాలనూ తహశీల్దార్ ముందు బైండోవర్ చేస్తారు. బాండు మీద ఒక మొత్తం రాస్తారు. అది జరిమానా కాదు. బాండు గడువులో మళ్లీ గొడవ పడితేనే అది కట్టాలి. ఆ మాట తెలియక అప్పు చేసి డబ్బు పట్టుకెళ్లిన వాళ్లను చూశాం. ఆ డబ్బు అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఇక కోర్టు వేసే జరిమానా. బహిరంగ స్థలంలో కొట్లాటకు కొత్త న్యాయ సంహితలో నెల వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి. పాత చట్టంలో ఆ జరిమానా వంద రూపాయలే. కోర్టు వేసిన జరిమానాను పీఓ గారు తీసేయలేరు, కలెక్టర్ గారూ తీసేయలేరు. వాళ్లకు అర్జీ పెట్టి తిరిగితే చార్జీలు దండగ, ఈలోగా గడువు దాటిపోతుంది. అప్పీలు పై కోర్టుకే, అదీ నెల రోజుల లోపు. "తొందరగా తెమిలిపోతాది, తప్పు ఒప్పేసుకో" అని ఎవరైనా చెబితే ఆగి ఆలోచించండి. ఒప్పుకున్నాక నేరం చేయలేదని అప్పీలు చేయడానికి దారి దాదాపు మూసుకుపోతుంది. ఒకేసారి కట్టలేకపోతే గడువు గానీ వాయిదాలు గానీ ఇవ్వమని ఆ కోర్టునే అడగండి. రెండు మూడు వాయిదాల్లో కట్టించుకునే వీలు చట్టంలోనే ఉంది. లాయరుకు డబ్బు లేదని భయపడకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగల వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. కోర్టులోనే న్యాయసేవల కమిటీ ఉంటుంది. తెల్ల కాగితం మీద రాసి ఇస్తే చాలు.

మూడోది, ఫారెస్టు సొమ్ము. అసలు భయం ఇక్కడే. అటవీ చట్టం కింద చిన్న నేరాలకు కోర్టుకు పోకుండా సొమ్ము కట్టించుకుని కేసు మూసే పద్ధతి ఉంది. రాజీ అన్నాక ఇరువైపులా ఒప్పుకోవాలి. మీరు ఒప్పుకోకపోతే వాళ్లు కోర్టులో రుజువు చేయాలి. మీరు సంతకం పెడితే మాత్రం నేరం చేశామని మీ అంతట మీరే రాసిచ్చినట్టు. అందుకే చదివి వినిపించుకోకుండా వేలిముద్ర వేయకండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

ఆ ఊరి తడక సంగతికి వస్తే, అది వెదురు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. తరతరాలుగా సేకరించుకుంటున్న ఫలసాయాన్ని తెచ్చుకోవడానికీ, వాడుకోవడానికీ, అమ్ముకోవడానికీ మనకు హక్కుందని ఆ చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. మేము మొదటి అర్జీ మూడు పేజీల్లో ఈ ఒక్క మాట రాయలేదు!

రెండో అర్జీ ఒక్క పేజీ రాశాం. ఎవరు ఎవర్ని తిట్టారో అందులో లేదు. నాలుగు మాటలే ఉన్నాయి. ఒకటి, ఫలానా తేదీన ఫలానా నేరం అని ఇంత సొమ్ము కట్టమన్నారు, ఆ నేర నివేదిక నకలు ఇవ్వండి. రెండు, పట్టుకున్నది వెదురు, అది మా ఊరు ఎప్పటినుంచో తెచ్చుకుంటున్న ఫలసాయం, ఇదిగో గ్రామసభ తీర్మానం. మూడు, ఇది తేలేదాకా వసూలు ఆపండి. నాలుగు, మా రెండు కుటుంబాల మధ్య తగువు తీరిపోయింది. కింద రెండు కుటుంబాలూ సంతకాలు పెట్టాయి. ఫిర్యాదు చేసిన చేతే మాఫీ అడిగే కాగితం మీద సంతకం పెట్టింది. ఒక నకలు ఫారెస్టు అధికారికి, ఒకటి ఐటీడీఏకి ఇచ్చి, రెంటికీ అందినట్టు ముద్ర వేయించుకున్నాం.

ఫలితం ఉన్నది ఉన్నట్టు చెబుతాం. వెదురు మాట వదిలేశారు. కానీ తడకకు నిలబెట్టిన గుంజల్లో నాలుగు పచ్చి చెట్టు నరికినవి. అవి వెదురు కాదు, దానికి మా దగ్గర జవాబు లేదు. వాటికి సొమ్ము కట్టారు, రసీదు తీసుకున్నారు. ముందు అడిగినదానికి అది చాలా తక్కువ. ఎడ్లు ఇంటి దగ్గరే ఉన్నాయి. మనకు హక్కున్నచోట గట్టిగా నిలబడాలి, తప్పున్నచోట ఒప్పుకోవాలి. అర్జీలో ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ దాని వెంట కొట్టుకుపోతాయి.

కొందరు అడుగుతున్నారు, "అర్జీలు పెట్టి పెట్టి ఏం బాగుపడ్డాం?" అని. ఆ విసుగు మాకూ ఉంది. జవాబు రాని అర్జీలు మా ఇంటి దూలానికి కట్ట కట్టి వేలాడుతున్నాయి. అయినా ముద్ర వేసిన నకలు ఊరికే పోదు. జవాబు రాకపోతే దాని మీద సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 30 రోజుల్లో చెప్పాలి. పోడు పట్టా దరఖాస్తు పెండింగులో ఉందని చూపే కాగితం ఉంటే, విచారణ పూర్తయ్యేదాకా ఆ భూమి నుంచి కదిలించకూడదని అదే 2006 చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. కాగితం దాచుకున్నవాడే రేపు కోర్టులో నిలబడతాడు.

కాబట్టి ఈ రోజు నుంచి సంఘం ఒక కట్టుబాటు పెట్టుకుంటోంది. గొడవ జరిమానా మీద ఒక పక్షం తరఫున అర్జీ రాయం. ముందు ఇరుపక్షాలనూ గ్రామసభలో కూర్చోబెడతాం. అవతలివాళ్లు రానంటే మూడుసార్లు పిలుస్తాం, ఈలోగా గడువులు దాటకుండా నకళ్లూ లాయరూ చూసిపెడతాం. మూడుసార్లు పిలిచినా రాకపోతే జరిమానా వరకే రాస్తాం, గొడవ జోలికి పోం. ఆడవాళ్ల మీద చేయి చేసుకున్న కేసులు, ప్రాణం మీదకు వచ్చిన కేసులు ఈ కట్టుబాటులోకి రావు. వాటికి రాజీ లేదు, స్టేషనే దారి.

ఈ ఏడాది పశువులు విడిచే రోజు ముందుగానే ఊరంతా కూర్చుని ఖాయం చేసుకోండి. ఆలస్యం పంట ఎవరిదో ఆ రోజే చెప్పించండి. అన్ని అర్జీలకంటే తేలికైన అర్జీ అదే, కాగితం కూడా అక్కర్లేదు.