తీసివేసిన ఘట్టములు

నేను చిక్కడపల్లిలో కాపురముండువాడను. మా యింటినుండి కొంత దూరము నడచినచో ఆర్టీసీ చౌరస్తా వచ్చును. దేవి, సుదర్శన్, సంధ్య మొదలైన సినిమా హాళ్లు అచ్చట కూతవేటు దూరములో నున్నవి. ఇటు అశోక్ నగరు వైపున నగర కేంద్ర గ్రంథాలయము గలదు. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకొను పల్లెటూరి పిల్లలు అచ్చట ఉదయమునుండి రాత్రి వరకు పుస్తకములు ముందు వేసికొని కూర్చుందురు. అటు నారాయణగూడ. 1928లో మాడపాటి హనుమంతరావు పంతులుగారి పూనికతో వెలసిన బాలికల పాఠశాల యున్న పేట యది. ఈ మూడు పేటల నడుమనే నా వ్రాతపని యంతయు నడచినది. నేను కథలు వ్రాయుదును. ఒకప్పుడు టెలివిజనుకు కూడ వ్రాసితిని. ఆ వ్రాతలో నేను చేసిన యొక పొరపాటును, దానిని నాకు తెలియజెప్పిన యొక వృద్ధుని గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని.

సినిమాలోగాని, టెలివిజనులోగాని మనకు కనబడునది తీసినదంతయు కాదు. చాల తీయుదురు; కూర్పుబల్లయొద్ద కొంత కత్తిరించి పారవేయుదురు. పూర్వము ఫిలిము చుట్టలుండెడివి. వేయి అడుగుల చుట్ట తెరపై పదకొండు నిమిషములు నడచును. కత్తిరించిన ముక్క పోయినచో పోయినట్లే. ఇప్పుడు కొలనులో చేపలవలె అన్నియు యంత్రములో భద్రముగా నుండును. కావలసినప్పుడు పైకి తీయవచ్చును. అందుచేత నొక క్రొత్త వాడుక బయలుదేరినది. 2024 డిసెంబరులో విడుదలయైన ‘పుష్ప’ రెండవ భాగమునకు, మొదట తీసివేసిన యిరువది నిమిషముల దృశ్యములను చేర్చి 2025 జనవరి 17న మరల ప్రదర్శించిరి. (ఆ చిత్రము తొలి ప్రదర్శననాటి రాత్రి మా చౌరస్తాలోనే తొక్కిసలాటలో నొక తల్లి మరణించినది. అది నేటి విషయము కాకపోయినను, చిత్రము పేరెత్తి యా మాట చెప్పకుండ దాటుటకు నాకు మనసొప్పలేదు.) ‘బాహుబలి’ నడక దీనికి ప్రతికూలము. 2015లోను 2017లోను వచ్చిన రెండు భాగములు కలిసి ఐదు గంటలకు మించినవి. వానిని కుదించి మూడుగంటల ముప్పావు నిడివిగల యొకే చిత్రముగా 2025 అక్టోబరు 31న విడుదల చేసిరి. రెండింటిని చూచుటకును జనులు వెళ్లిరి. నేనును వెళ్లితిని. చూచునప్పుడు సంతోషముగానే యున్నది. ఇంటికి వచ్చిన తరువాత, ఇందులో ఏది కథ యని నాలో నొక సందేహము కలిగినది. సందేహమునకు కారణము ఆ చిత్రములు కావు, నా పాత తప్పు.

నేను వ్రాసినది పదుమూడు వారముల ధారావాహిక. ఇద్దరన్నదమ్ములు, ఒక గట్టు తగాదా. పెద్దవాడు గట్టు జరిపినాడని చిన్నవాడును, చిన్నవాడే జరిపినాడని పెద్దవాడును నమ్మి, మాటలు మానివేసిరి. తొమ్మిదవ వారములో నొకరాత్రి వారు కలిసికొనవలెను. అందులో ఎవరు ముందుగా రెండవవాని గడప త్రొక్కవలె నన్నది నాకు తేలలేదు. చిన్నవాడు వచ్చినట్లొక ఘట్టము వ్రాసితిని. పెద్దవాడు వచ్చినట్లు మరియొకటి వ్రాసితిని. రెండును బాగుగనే యుండెను. ‘రెండును తీయుదము, కూర్పునాడు తేల్చుకొందము’ అని దర్శకునితో నేనే యంటిని. వారు రెండును తీసిరి. అరగంట కార్యక్రమములో ప్రకటనలు పోగా మిగులునది ఇరువది రెండు నిమిషములే గదా! ఆ వారము నిడివి మిక్కుటమైనది. ఏ ఘట్టమును నిలుపవలెనో చెప్పుమని నన్నడిగిరి. ఎల్లుండి చెప్పుదునంటిని. ఎల్లుండి రాకముందే రెండును ఎగిరిపోయినవి.

వారిని తప్పుపట్టుటకు వీలులేదు. వ్రాసినవాడే యిది లేనిచో కథ లేదని పట్టుపట్టని ఘట్టమును కత్తిరించువా డేల కాపాడును? పదియవ వారము భాగమప్పటికే తీసియుండెను. అందులో అన్నదమ్ములిద్దరు ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయుచుందురు. చూచువారికది పిడుగువలె తోచినది. నాకు మాత్రము ఏమియు వెలితి కానరాలేదు. వారు కలిసిన రాత్రి నా తలలో నున్నది గదా! ఒకటి కాదు, రెండున్నవి.

కొన్నాళ్లకు గ్రంథాలయమునుండి వెలుపలికి వచ్చుచుండగా నొక వృద్ధుడు నన్నాపెను. నల్లగొండ జిల్లాలోని యొక పల్లెవాడు. మనుమని పరీక్షల చదువునకు అశోక్ నగరులో గది చూచి దింపిపోవుటకు వచ్చినాడట. నన్ను చూపినది ఆ మనుమడే.

‘అయ్యా, గా అన్నదమ్ముల కథ రాసింది నువ్వేనా? వాళ్లు ఎప్పుడు కలిసిన్రు? నడుమ ఒక వారం తప్పిపోయినట్టున్న’ అని యాయన యడిగెను.

మీరు తప్పిపోలేదు, మేమే తీసివేసితిమని చెప్పితిని. అప్పుడాయన చేతికర్ర గోడకానించి నిలబడి, ‘ముందుగాల ఎవలు పోయిన్రు?’ అనెను.

ఆ ప్రశ్నలోని బరువు నాకప్పుడు తెలియలేదు. నేను కొంత గొప్పగానే, రెండు విధములుగ వ్రాసితినని చెప్పి, రెండు ఘట్టములను వినిపించి, ‘మీకు నచ్చినది అనుకొనుడు పెద్దయ్యా’ అంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, ‘బిడ్డా, కాయిదం మీద రెండు హద్దులు రాస్తే పొలం ఎవనిది?’ అని యడిగి, కర్ర తీసికొని వెళ్లిపోయెను. బావి వంతు తగాదాలో తమ తాత తన తమ్మునితో మాటలాడి పదునొకండేండ్లయినదని మనుమడు వెనుకబడి నాతో చెప్పెను. ఆ వారము ఆయన అందరికంటె ముందుగా వచ్చి టెలివిజను ముందర కూర్చుండెనట.

పెద్దలారా, దస్తావేజుల సంగతి నాకంటె మీకు బాగుగ తెలియును. కాగితములో నొక మాట కొట్టివేసినను, పంక్తుల నడుమ నొక మాట చేర్చినను, ఆ సంగతిని వ్రాసి చేవ్రాలు చేయనిదే రిజిస్ట్రారు ఊరకుండడు. వీలునామా ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును; కాని చెల్లునది కడపటిదొక్కటియే. కరణముగాని పట్వారీగాని ‘ఇట్లైనను సరే, అట్లైనను సరే’ అని వ్రాసినచో ఆ గ్రామమున మిగులునవి వ్యాజ్యములే. కథకుడు తనకీ నిర్బంధము లేదనుకొనును. నేనట్లే యనుకొంటిని.

మార్చుట తప్పని నేననుట లేదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. పేరు వచ్చినది. మరియొకరైనచో అంతటితో తృప్తిపడియుందురు. ఆయన దానిని మరల చేతబట్టి, ఐదంకముల నాటకమును ఏడంకములుగ పెంచి, మధురవాణిని నాటకమునకు ప్రాణముగ జేసి, 1909లో ప్రకటించెను. నేడు మనము చదువునది, ఆడునది ఆ రెండవదియే. మొదటి ప్రతిని 1969లో బంగోరెగారు మరల వెలుగులోనికి తెచ్చిరి. దానిని నేను చిక్కడపల్లిలో గ్రంథాలయపు బల్లమీద చదివి యాశ్చర్యపోతిని. అదియు నవ్వించును. అయినను 1909 తరువాత రెంటిలో ఏది తన నాటకమన్న ప్రశ్నకు గురజాడవారు తావియ్యలేదు. ఆయన మార్చినది నిర్ణయము చేయలేక కాదు, నిర్ణయమునకు వచ్చుటకు. నాకును ఆయనకును ప్రతిభలో గల భేదము సరే. ఈ భేదమే నన్ను ఎక్కువ సిగ్గుపరచినది.

రామకథ మాటయేమి యని మీరడుగవచ్చును. గోన బుద్ధారెడ్డిగారి రంగనాథ రామాయణము పట్టాభిషేకముతో ముగిసినది. ఉత్తరకాండను ఆయన కుమారులు కాచవిభుడు, విట్ఠలరాజు రచించిరి. తిక్కనగారు ఉత్తర రామాయణమునే విడిగా చెప్పిరి. ఒకే కథకు రెండు ముగింపులు. కాని చూడుడు, పట్టాభిషేకముతో ఆపినవారు ఆపితిమనియే ఆపిరి. సీతను అడవికి పంపినవారు ఆ దుఃఖమును పూర్తిగా మోసిరి. 1987 జనవరినుండి 1988 జూలై వరకు ఆదివారపు ఉదయములలో రామానంద సాగరుగారి ‘రామాయణ్’ టెలివిజనులో వచ్చినప్పుడు, ఉన్న యొక్క పెట్టె ముందర ఊరంతయు కూర్చుండుట మీరెరుగుదురు. అది పట్టాభిషేకముతో ముగియగా, లవకుశుల కథయేదని ఉత్తరాది పట్టణములలో పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకట్టిరి. వాల్మీకిని తమ కులగురువుగ కొలుచువారు వారిలో ననేకులు. వాల్మీకి స్వయముగ పాత్రయై సీతకు నీడనిచ్చిన ఘట్టమును వదలివేసినచో వారికి కలిగిన బాధ చిన్నది కాదు. తరువాత ఉత్తరకథను కూడ తీసి చూపిరి. ఘట్టమును తీసివేయుట కాగితము పని యనుకొందుము. ఎవరి ప్రాణము అందులో నున్నదో మనకు తెలియదు.

భారతమును పరిష్కరించిన పూనాలోని భండార్కర్ సంస్థవారు వేరు మార్గము త్రొక్కిరి. 1919 నుండి 1966 వరకు దేశమందలి వ్రాతప్రతులను పోల్చి, ప్రాచీనమని తేలిన పాఠమును పైన ముద్రించి, తక్కిన పాఠములను క్రిందను, అనుబంధములందును ఉంచిరి. వ్యాసుడు చెప్పగా వినాయకుడు వ్రాసిన కథ కూడ అనుబంధమునకే పోయినది. పండితుల పని యది. వారు దేనిని పారవేయరాదు. అంతటి వారును పుటకు పైభాగమున ఒక పాఠమునే నిలిపిరని మాత్రము నేను గమనించితిని.

ఇక నా కథ. దానిని నవలగా వ్రాయ సంకల్పించి, చిన్నవాడు వచ్చిన ఘట్టమును ముందుగ పరీక్షించితిని. అతడేల వచ్చును? కూతురి పెండ్లి, అప్పు పుట్టలేదు. అనగా అక్కర తెచ్చిన కలయిక. పెద్దవానిలో ఏ మార్పును లేదు. అతడు గడపలో నిలిచి క్షమించును, అంతే. పెద్దవాడు వచ్చినచో? అతని కేదియో తెలిసియుండవలెను. గట్టు జరిపినది తమ్ముడు కాదు, చనిపోయిన తండ్రియే యని తెలిసియుండవలెను. అది తెలియుటకు నాలుగవ ప్రకరణములో పాత కొలతల కాగితమొకటి అతని చేతికి చిక్కవలెను. చిక్కిన తరువాత కొన్నాళ్లు అతడు దానిని దాచవలెను. దాచినవాడు భార్యమీద ఊరక కసరుకొనవలెను. ఒక్క నిర్ణయముతో వెనుకటి యారు ప్రకరణములు కదలినవి. రెండు ముగింపులను చేతిలో నుంచుకొని వ్రాసినందున నా పాత్రలన్నియు అంతవరకు గోడమీది పిల్లులై యుండెనని నాకప్పుడు బోధపడినది. పెద్దవానినే పంపితిని. చిన్నవాని ఘట్టమున నాకు మిక్కిలి యిష్టమైన సంభాషణ యొకటి యుండెను, దానిని కూడ తీసివేసితిని. ఆ కాగితములను దాచుకొనలేదు. దాచినచో మరల చూతును, చూచినచో మరల తడబడుదును.

పుస్తకము అచ్చయిన తరువాత, మనుమని వలన జాడ తెలిసికొని ఆ వృద్ధుని గ్రామమునకు పోయితిని. ఆయన అరుగుమీద కూర్చుండి, అద్దములు పెట్టుకొని, ఆ ప్రకరణమొక్కటియే చదివెను. నాకు గంటసేపు పట్టినట్లు తోచినది.

‘పెద్దోడు పోయిండా?’ అనెను.

అవునంటిని.

‘మా ఇంట్ల గట్ల కాలే. నేను పోలే, వాడు రాలే.’ కొంతసేపునకు పుస్తకము మూసి, ‘ఇగ దీన్ని మార్చకు’ అనెను. తరువాత నాకు చల్ల తెప్పించి యిచ్చెను. వారి తమ్ముడుగారి యిల్లు ఎదురు వరుసలోనే యున్నది, తలుపు వేసియున్నది. నేను బస్సుకు బయలుదేరి మూల తిరిగినప్పుడు వెనుదిరిగి చూచితిని. ఆయన పుస్తకమును ఒడిలో నుంచుకొని ఆ తలుపువంక చూచుచుండెను. పిమ్మట ఏమి జరిగినదో మనుమడు నాకు చెప్పలేదు, నేను నడుగలేదు.

ఆ నవల రెండవ ముద్రణకు వచ్చినప్పుడు, తీసివేసిన ఘట్టమును కూడ చివర చేర్చినచో పాఠకులు ముచ్చటపడుదురని ప్రకాశకులు సూచించిరి. ఆ ప్రకరణములో నొక అచ్చుతప్పు దిద్ది ప్రతిని వారికి పంపివేసితిని.