మురుగు మూత తెరచిన మనిషి

ఇంగ్లండును ఏడవ ఎడ్వర్డు 1901 మొదలు 1910 వరకు పాలించెను. ఆ రోజుల రాజవైభవమును గూర్చి విన్నవారు పెక్కురు. ఆ దేశపు పట్టణములలో ఇరుకు సందుల వెంట చేతిపుస్తకముతో తిరిగిన ఆరోగ్య తనిఖీదారుని గూర్చి విన్నవారు తక్కువ. ఆతనినే నేడు మేము మీకు పరిచయము చేయదలచితిమి.

1875 నాటి ప్రజారోగ్య శాసనము ప్రతి పట్టణ పాలక సంఘమును ఒక వైద్యాధికారిని, ఒక తనిఖీదారుని నియమింపుమని ఆదేశించెను. శాసనములో ఆతని పేరు 'న్యూసెన్సుల ఇన్‌స్పెక్టరు'. పేరు వినుటకు ఇంపైనది కాదు, పనియు అట్టిదే. మురుగు గొట్టము పగిలెనేమో యని తోచినచో అందులోనికి పొగ వదలెడివాడు, లేదా పిప్పరమెంటు తైలము పోసెడివాడు. ఇంటిలో ఆ వాసన తగిలినచో పగులు ఉన్నట్లే. చెడిన మాంసమును పట్టుకొని న్యాయాధికారి ఆజ్ఞపై నాశనము చేయించెడివాడు. పాల నమూనాలను పరీక్షకు పంపెడివాడు. అంటువ్యాధి సోకిన గదిలో గంధకపు పొగ వేయించెడివాడు.

ఇంత శ్రమ ఎందులకో 1902 నవంబరులో తెలిసివచ్చెను. వించెస్టరు, సౌతాంప్టను మేయర్లు ఇచ్చిన విందులలో ఆల్చిప్పలు తినిన పలువురకు టైఫాయిడు సోకెను. వించెస్టరు కెథీడ్రల్ డీన్ మరణించెను. ఆ ఆల్చిప్పలు ఎమ్స్‌వర్తు తీరమునుండి వచ్చినవి. ఆ ఊరి మురుగు వాటి మడుగులలోనికే పారుచుండెను. వీధి మురుగునకు పెద్దల పళ్లెము దూరము కాదని నాడు రుజువయ్యెను.

అయినను తనిఖీదారుని దారి సుగమము కాదు. ఆతనికి జీతమిచ్చునది పట్టణ సంఘము. ఆ సభ్యులలోనే అద్దె ఇండ్ల యజమానులు ఉండెడివారు. అట్టివారికి నోటీసు ఇచ్చుటకు గుండె నిబ్బరము కావలెను. ఇల్లు నివాసయోగ్యము కాదని మూయించినచో అందలి పేదలు ఎచటికి పోవలెను? ఈ ప్రశ్న ఆతని వెంటనే నడచుచుండెను.

1893లోనే లండనునందలి కెన్సింగ్టన్‌లో స్త్రీలు ఈ ఉద్యోగమున చేరిరి. పిదప పలు పట్టణములలో స్త్రీ ఉద్యోగులు బాలింతల ఇండ్లకు పోయి పాల శుభ్రతను, పసిబిడ్డల పోషణను బోధించిరి.

ఇంగ్లండు, వేల్సులలో పుట్టిన ప్రతి వేయి మంది శిశువులలో ఏడాది నిండకయే మరణించినవారు 1901లో సుమారు 151 మంది. 1910లో సుమారు 105 మంది. ఈ మేలు తనిఖీదారుడొక్కడే సాధించెనని మేము చెప్పము. కాని అందు ఆతని పాలు కలదు.

మన వాకిట అట్టి ఉద్యోగి నిలిచినపుడు ముఖము చిట్లింపక మురుగు మూత తెరచి చూపుదము. ఆతడు వెదకునది మన తప్పును కాదు, మన బిడ్డల ఆయువును.