గుమ్మానికి కట్టిన ఎర్ర గుడ్డ



వేరే చోటి నుంచి వచ్చిన తట్టును ఒక సమాజం ఎలా ఎదుర్కోవాలి? ఈరోజు మనం ఆలోచించవలసింది ఇదే. అందుకు సమోవా దేశాన్ని చూద్దాం. పసిఫిక్ సముద్రంలో దాదాపు రెండు లక్షల జనాభా ఉన్న ద్వీపాలవి. అక్కడ ఇంచుమించు అందరూ క్రైస్తవులే. 2019లో న్యూజిలాండ్ నుంచి ప్రయాణికులతో పాటు తట్టు అక్కడికి చేరింది. కొద్ది నెలల్లో 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు, 83 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలు.

జబ్బు విమానంలో వచ్చిన మాట నిజమే. కానీ అంతగా పాకడానికి కారణం విమానం కాదు. 2018లో టీకా పొడిలో నీళ్లకు బదులు పొరపాటున వేరే మందు కలపడంతో ఇద్దరు పసికందులు చనిపోయారు. నెలల తరబడి టీకాలు ఆగిపోయాయి. తల్లిదండ్రుల్లో భయం పాతుకుపోయింది. తట్టు పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికి టీకా అందాలి. అక్కడ ఆ ఏడాది మొదటి డోసు అందింది నూటికి సుమారు 31 మంది పసిపిల్లలకే.

2019 నవంబరులో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి బడులు మూసింది. డిసెంబరు 5, 6 తేదీల్లో ఆఫీసులు మూసి ఉద్యోగులను టీకా పనికి పంపింది. టీకా పడనివారు ఉన్న ఇళ్ల ముందు ఎర్ర గుడ్డ కట్టమంది. ఆ గుడ్డ చూసి టీకా బృందాలు ఆగాయి. నెలాఖరుకు నూటికి 90 మందికి పైగా టీకా అందింది. నిర్గమకాండంలో గుమ్మం మీది గుర్తు చూసి మరణం దాటిపోయింది. సమోవాలో గుర్తు చూసి సహాయం లోపలికి వచ్చింది.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. 2022లో ముంబయి, భివండి, మాలేగావ్‌లలో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయారు. భివండిలో పవర్‌లూమ్‌ల మీద బతికే మనవాళ్లు ఎందరో ఉన్నారు. పని కోసం రాష్ట్రాలు దాటే కుటుంబాల పిల్లల పేర్లు చాలాసార్లు ఏ ఊరి రిజిస్టరులోనూ ఉండవు. జబ్బు కనబడితే మాత్రం "బయటివాళ్లు తెచ్చారు" అంటారు. తరాలుగా ఆ మాట విన్నవాళ్లం మనం. అది మన నోట రాకూడదు.

ఆశా కార్యకర్త మరాఠీలోనో కన్నడంలోనో మాట్లాడుతుంది. కొత్తగా వచ్చిన తల్లికి తెలుగే వచ్చు. ఆ ఇద్దరి మధ్య నిలబడగలిగింది మనమే. ఎం.ఆర్. టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో, ఏ రాష్ట్రంలోనైనా ఉచితం. కార్డు పోయినా, ఆలస్యమైనా తీసుకెళ్లండి. భయపడే తల్లిని గద్దించకండి. ఆమె అడిగినదానికి ఓపికగా జవాబు చెప్పండి.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, మన వీధుల్లో ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్ల పేర్లు రాసుకుందాం. ఏ మతం వారివైనా సరే, ఒక్క ఇల్లు కూడా వదలవద్దు. ఆ జాబితా చేతపట్టుకునే ప్రార్థన చేద్దాం. సోమవారం ఆ తలుపులు తడదాం.