విద్యార్థుల మాదిరి శాసనములు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాస పాఠము)



విద్యార్థులు శాసనసభవలె కూర్చుండి, ఒకరు స్పీకరుగను, ఒకరు ముఖ్యమంత్రిగను, కొందఱు ప్రతిపక్షముగను వ్యవహరించుచు బిల్లులు ప్రవేశపెట్టి చర్చించుట నేడు వింత కాదు. చూడవచ్చిన పెద్దలు చిఱునవ్వుతో చూచి, చప్పట్లు కొట్టి, ‘పిల్లలు బాగుగా మాటలాడిరి’ అని యిండ్లకు పోవుదురు. ఏమి మాటలాడిరని అడిగినచో చెప్పగలవారు కొందఱే. ఏమి వ్రాసిరని అడుగువారు మఱింత తక్కువ. నేటి ప్రసంగము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

ఈ పద్ధతి భారతదేశమున ఎట్లు మొదలైనదో ముందుగా తెలిసికొనుట మంచిది. 1962లో బొంబాయిలో అఖిల భారత విప్పుల మహాసభ జరిగినది. సభ్యులను సభకు హాజరుపఱచి వోటు వేయించు పక్షనాయకులే విప్పులు. విద్యార్థులకు పార్లమెంటు పద్ధతులు నేర్పవలెనని వారు సిఫారసు చేసిరి. ఆ సిఫారసు ననుసరించి 1966–67లో ఢిల్లీ పాఠశాలలలో యువజన పార్లమెంటు పోటీలు ప్రారంభమైనవి. 1988లో కేంద్రీయ విద్యాలయములకును, 1997–98లో నవోదయ విద్యాలయములకును, విశ్వవిద్యాలయములకును ఆ పోటీలు విస్తరించినవి. ఆంధ్రప్రదేశమున 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవమునాడు, 175 నియోజకవర్గములనుండి ఒక్కొక్కరు వంతున వచ్చిన విద్యార్థులు అమరావతిలో మాదిరి శాసనసభ జరిపిరి.

ఇంతవరకు సంతోషింపదగినదే. అయితే ఈ సభల కార్యక్రమమును గమనించినచో ఒక లోపము కానవచ్చును. ప్రమాణ స్వీకారము, సంతాప తీర్మానము, ప్రశ్నోత్తరములు, సావధాన తీర్మానము, ఇన్నియు ఒక గంటలో ముగియవలెను. బిల్లునకు మిగులునవి కొద్ది నిమిషములే. బిల్లు పేరు చదువుదురు, ‘ఔనన్నవారు ఎక్కువ’ అందురు, బిల్లు ఆమోదము పొందును. దానియందు ఏమున్నదో ప్రవేశపెట్టిన మంత్రికే తెలియని సందర్భములు లేకపోలేదు. (నిజమైన సభలలోను ఇట్లే జరుగునని ఎవరైన అన్నచో, దానికి సమాధానము చెప్పుట నేటి సభ కార్యక్రమములో లేదు.)

అమెరికా దేశపు ఉన్నత పాఠశాలలలో 1938 నుండి జరుగుచున్న విద్యార్థి కాంగ్రెసు చర్చల తీరు వేఱు. అక్కడ బిల్లే ముందు. విద్యార్థి తన బిల్లును ఒక పుటలో, పంక్తులకు అంకెలు వేసి, ముందుగనే వ్రాసి పంపవలెను. ఏమి చేయదలచినది మొదటి సెక్షను. వాడిన మాటల అర్థము రెండవది. అమలుపఱచు అధికారి ఎవరన్నది మూడవది. ఎప్పటినుండి అమలన్నది నాలుగవది. అటుపిమ్మట అనుకూలముగ ఒకరు, ప్రతికూలముగ ఒకరు, మనిషికి మూడు నిమిషముల వంతున మాటలాడుదురు. వక్త ఎంతటి మాటకారి యైనను, మూడవ సెక్షనులో అధికారి పేరు లేదని ఎదుటివాడు వేలు చూపినచో తడబడక తప్పదు.

దీని ప్రయోజనము గోపాలపట్నము వారికి తెలిసినంతగా మఱియొకరికి తెలియదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున వెంకటాపురములోని కర్మాగారమునుండి స్టైరీను అను రసాయనపు ఆవిరి వెలువడి ఇండ్లలో నిద్రించుచున్నవారిపై క్రమ్మినది. జనులు చీకటిలో పరుగెత్తిరి, దారులలో పడిపోయిరి. 12 మంది మరణించిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము విచారించి, ఆ కర్మాగారమున సైరను మ్రోగించుటకు 36 చోట్ల ఏర్పాట్లు ఉన్నను ఆ వేళ అది మ్రోగలేదని తేల్చినది.

ఈ ప్రాంతపు విద్యార్థి ఒకడు దీనినిగూర్చి బిల్లు వ్రాయదలచినాడనుకొనుడు. అతనికి మొదట తోచు వాక్యము ఇది: ‘ప్రమాదకరములగు కర్మాగారములన్నియు మూసివేయవలెను.’ సభలో చప్పట్లకు ఈ వాక్యము చాలును. శాసనమునకు చాలదు. ‘ప్రమాదకరము’ అనగా నేమి? పెట్రోలు బంకు ప్రమాదకరము కాదా? నీటిని శుద్ధిచేయుటకు వాడు క్లోరిను కాదా? ఇంటింట ఉన్న వంట గ్యాసు సిలిండరు కాదా? ఈ ప్రశ్నలు వచ్చినంతనే ఆ కుఱ్ఱవాడు ఉపన్యాసము వ్రాయుట మాని నిర్వచనము వ్రాయుటకు దిగును. ఏ రసాయనము, ఎన్ని టన్నులు మించి నిలువయున్నచో, అని లెక్కలు వెదకికొనుటకు గ్రంథాలయమునకు వచ్చును.

వచ్చిన తరువాత అతనికి ఆశ్చర్యము కలుగును. తాను వ్రాయదలచినదానిలో చాలభాగము వెనుకటివారు వ్రాసియే యున్నారు! 1984 డిసెంబరులో భోపాలున జరిగిన ఘోరము తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారము తనవలన కలుగగల కీడును పనివారికే గాక చుట్టుప్రక్కల ప్రజలకును తెలుపవలెనని విధించిరి. 1989లో పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద వెలువడిన ప్రమాదకర రసాయనముల నియమావళి ఇంకను ముందుకు పోయినది. భారీ ప్రమాదము సంభవించినచో కర్మాగారము వెలుపలి జనులను ఎట్లు కాపాడవలెనో జిల్లా అధికారులు ప్రణాళిక సిద్ధపఱచవలెను. ఆ ప్రణాళికను సంవత్సరమునకు ఒకమాఱైనను అభినయించి చూడవలెను. అనగా మాదిరి శాసనసభవలెనే, మాదిరి ప్రమాదము! సైరను మ్రోగుట, జనులు గాలికి ఎదురుగనో అడ్డముగనో ఎటు కదలవలెనో తెలిసికొనుట, ఆసుపత్రికి కబురు పోవుట, ఇన్నియు ముందే ఒకమాఱు చేసి చూచుట.

కావున ఆ విద్యార్థి బిల్లు మారక తప్పదు. క్రొత్త నిషేధము గాక, ఉన్న నియమము అమలైనదో లేదో ఊరివారికి తెలియు మార్గము కావలెను. అభినయము జరిగిన తేదీ, సైరను ఎంత దూరము వినబడినది, ఎవరెవరు హాజరైరి, అను వివరములు వార్డు సచివాలయముననో గ్రంథాలయముననో ఇన్ని దినములలోగా అంటింపవలెనని అతడు వ్రాయును. అంటింపకున్నచో బాధ్యుడు ఎవరు? ‘సంబంధిత అధికారులు’ అని వ్రాసినచో ఎవరును బాధ్యులు కారు. కర్మాగారముల తనిఖీ అధికారియా, కలెక్టరా, నగరపాలక సంస్థ కమిషనరా, ఒక్క పేరు ఎన్నుకొనవలెను. ఆ ఒక్క పేరును ఎన్నుకొనుటలో అతడు ఒక సాయంకాలము గడిపినను ఆశ్చర్యము లేదు. ప్రభుత్వ వ్యవహారమనగా నేమో అతనికి ఆ సాయంకాలము బోధపడినంతగా పౌరశాస్త్ర పాఠమున బోధపడదు.

ఇంకొక చిక్కు కలదు. ‘కర్మాగారములు’ రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో ఉమ్మడి జాబితాలోని 36వ అంశము. రాష్ట్ర శాసనసభ దానిపై శాసనము చేయవచ్చును గాని, కేంద్ర శాసనమునకు విరుద్ధమైనచో, రాష్ట్రపతి సమ్మతి లేనిదే అది సాధారణముగా నిలువదు. అంతియే కాదు. ఆ ఫ్యాక్టరీల చట్టము స్థానమున 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. పాత పుస్తకము చూచి బిల్లు వ్రాసిన విద్యార్థిని ప్రతిపక్షమువారు ఇక్కడనే పట్టుకొందురు. గ్రంథపాలకుడు క్రొత్త ప్రతులు తెప్పించి యుంచవలసిన అవసరము ఇట్టి చోటనే తెలియును.

ప్రతిపక్షము సామాన్యమైనది కాదు. ఎదుటి బల్లపై కూర్చుండిన బాలిక లేచి ఇట్లు అడుగవచ్చును: ‘ఆ కర్మాగారము 1961లో స్థాపింపబడినది. నగరము పెరిగి, ఇండ్లు దాని గోడ దాపునకు వచ్చుచుండగా అనుమతులు ఇచ్చిన వారెవరు? బిల్లు కర్మాగారమును మాత్రమే కట్టివేసి ఇండ్ల స్థలముల లేఅవుట్లను వదలివేయుటేల? మా తండ్రి అట్టి కర్మాగారముననే పనిచేయుచున్నాడు. అది తరలిపోయినచో మా యింట పొయ్యి ఎట్లు వెలుగును?’ ఈ ప్రశ్నలకు ‘ప్రజల ప్రాణములే ముఖ్యము’ అన్న సమాధానము చాలదు. నివాసములకును కర్మాగారములకును నడుమ విడువవలసిన ఖాళీ స్థలమెంత, ఇదివఱకే కట్టుకొన్నవారి గతి యేమి, క్రొత్తవారికి అనుమతి ఇచ్చిన అధికారికి శిక్ష యేమి, అని బిల్లులో మఱి రెండు సెక్షనులు చేరవలెను. ఓడిపోయిన బిల్లు కూడ ఇట్టి చర్చవలన మంచి బిల్లగును.

‘పిల్లలు వ్రాసిన కాగితము శాసనమగునా?’ అని కొందఱు నవ్వుదురు. మాదిరిగా వ్రాసిన కాగితము శాసనమగుటకు ఋజువు ఈ గ్రంథాలయమే. 1930 డిసెంబరులో కాశీలో జరిగిన అఖిల ఆసియా విద్యా మహాసభలో ఎస్. ఆర్. రంగనాథన్ గారు ఒక మాదిరి గ్రంథాలయ శాసనమును సమర్పించిరి. దానిని ఆమోదించుటకు అక్కడ శాసనసభ లేదు, అమలుపఱచుటకు మంత్రి లేడు. అది వట్టి కాగితము. వంగదేశమున కుమార మునీంద్ర దేవరాయ మహాశయుడు గ్రంథాలయ బిల్లు తేబోగా, నిర్బంధముగా పన్ను వేయు నిబంధన అడ్డమై, అనుమతి లభింపలేదు. మద్రాసు శాసనమండలిలో బషీర్ అహమ్మద్ సయీద్ గారు చేసిన ప్రయత్నమును అప్పటికి ఫలింపలేదు. తుదకు 1948లో, అవినాశిలింగం చెట్టియారు గారు విద్యామంత్రిగా నున్న కాలమున, మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము వెలువడినది. విశాఖపట్టణము జిల్లా ఆనాడు మద్రాసు రాష్ట్రములోనిదే. అటుపిమ్మట ఆ చట్టమును, 1955 నాటి హైదరాబాదు చట్టమును కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము చేసిరి.

కాశీలోని కాగితమునకును మద్రాసు చట్టమునకును నడుమ 18 ఏండ్లు గడచినవి. ఆ కాలమంతయు తగవు ఎచ్చట? గ్రంథాలయములు మంచివా కావా అన్న చోట కాదు. మంచివని అందఱును ఒప్పుకొనిరి. డబ్బెవరు ఇయ్యవలెనన్న ఒక్క సెక్షనువద్దనే చిక్కెల్ల. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూర తిరిగి, జోలెపట్టి, గ్రంథాలయములను నిలిపిరి. కాని చందా ఇచ్చువాడు ఒక యేడు ఇచ్చును, మఱుసటి యేడు మఱచును. పన్ను సెక్షను మఱవదు. ఆంధ్రప్రదేశమున ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను ఏర్పడుటచేతనే జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఒక స్థిరమైన ఆధారము కలిగినది.

ఆ పన్ను వసూలగుచున్నది గాని, వసూలైన మొత్తము గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరుట లేదన్న మొఱ రాష్ట్రమున ఏండ్ల తరబడి వినబడుచున్నది. గ్రంథాలయములు రాష్ట్ర జాబితాలోని అంశము. ఇక్కడ కేంద్ర శాసనముతో తగవు లేదు. వసూలు చేసిన స్థానిక సంస్థ ఆ సొమ్మును ఎన్ని దినములలోగా చెల్లింపవలెను, ఆలస్యమైనచో వడ్డీ యెంత, బకాయిల జాబితా ఏటేట ఏ తేదీన ప్రకటింపబడవలెను, ఈ మూటికి ఒక్క పుట చాలును. మాదిరి శాసనసభకు విషయము దొరకలేదను విద్యార్థులు ఇంటిపన్ను రసీదు ఒకటి వెంట తెచ్చుకొని, 1960 నాటి చట్టపు ప్రతిని అడిగి పుచ్చుకొని, ఈ గదిలోనే ఆ కిటికీ ప్రక్క బల్లవద్ద కూర్చుండవచ్చును.